గేజీ ఎవరు చదవాలి? అఫ్గానిస్తాన్ శాంతి, ఇరుగుపొరుగు లెక్కలు

ఆగస్టు వచ్చిందంటే డెల్టాలో ఎవరు ఎదురుపడినా అడిగేది ఒకటే: "భద్రాచలంలో ఎంతుందంట?" 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లు ధవళేశ్వరం దాకా దిగేలోపు లంకల వాళ్లు గొడ్లను ఏటిగట్టు మీదకి తోలేస్తారు, బియ్యం బస్తాలు అటక ఎక్కుతాయి. ధవళేశ్వరం దగ్గర మళ్లీ వేరే లెక్క: 11.75, 13.75, 17.75 అడుగులు. 1986లో భద్రాచలం 75.6 అడుగులు చూసింది. 2022 జులైలో 71 దాటింది. నీటిమట్టం చూపే ఆ గేజీ ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంది. అయినా ఆ అంకెతో మనవాడెవడూ గొడవ పెట్టుకోడు. సర్పంచి మాట నమ్మనివాడు, టీవీ మాట నమ్మనివాడు కూడా అది వినగానే మంచం మడతపెడతాడు.

అఫ్గానిస్తాన్ గురించి రాస్తానని గోదారి గేజీ దగ్గర మొదలెట్టడానికి కారణం ఉంది. యుద్ధంలో నలిగిన దేశానికి అంతర్జాతీయ సాయం అనగానే మనకు డబ్బు గుర్తొస్తుంది, సైన్యం గుర్తొస్తుంది, గుండ్రటి బల్ల చుట్టూ మంత్రులు కూర్చున్న ఫొటో గుర్తొస్తుంది. అఫ్గానిస్తాన్‌కు ఈ మూడూ ఇరవై ఏళ్లు దండిగా అందాయి. అందనిది నాలుగోది: ఇరుగుపొరుగు అందరూ నమ్మే ఒక అంకె, దాన్ని చదివే మనిషి.

ముందు బల్లల సంగతి త్వరగా చెప్పేస్తాను, వాటి జాబితా పెద్దది. 2001 డిసెంబరులో బాన్ ఒప్పందం కుదిరింది. అదే నెలలో భద్రతా మండలి 1386వ తీర్మానంతో అంతర్జాతీయ బలగాన్ని పంపింది. 2002 మార్చిలో ఐక్యరాజ్యసమితి సహాయ కార్యాలయం, యునామా, మొదలైంది. 2002 డిసెంబరులో చైనా, ఇరాన్, పాకిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్ అనే ఆరు సరిహద్దు దేశాలు 'ఒకరి ఇంట్లో ఒకరం వేలు పెట్టం' అని కాబూల్ ప్రకటన మీద సంతకం చేశాయి. 2007లో అఫ్గానిస్తాన్ సార్క్‌లో ఎనిమిదో సభ్యురాలైంది. 2011 నవంబరులో 'హార్ట్ ఆఫ్ ఆసియా' పేరుతో ఇస్తాంబుల్ ప్రక్రియ ప్రారంభమైంది. ఉగ్రవాదం, మత్తుపదార్థాలు, విపత్తులు, వాణిజ్యం, మౌలిక వసతులు, చదువు అని ఆరు పనులు పంచుకున్నారు. వాణిజ్యం, పెట్టుబడుల పని మన దేశం తీసుకుంది.

ఆలోచన మంచిదే. దూరపు దేశాలు ఏదో ఒక రోజు వెళ్లిపోతాయి, పొరుగువాడు ఎక్కడికీ పోడు. కాబట్టి అఫ్గానిస్తాన్ ప్రశాంతంగా ఉంటే పొరుగువాడి జేబులో కూడా నాలుగు డబ్బులు పడేలా చూడాలి. అప్పుడు అక్కడ నిప్పు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. ప్రాంతీయ సహకారం అనే మాటలో ఉన్న విషయం అంతే. కానీ 2016 డిసెంబరులో అమృత్‌సర్‌లో ఇదే ప్రక్రియ సమావేశం జరిగినప్పుడు, పాకిస్తాన్ ప్రకటించిన 50 కోట్ల డాలర్ల సాయం సంగతి ఎత్తి, ఆ డబ్బేదో మీ దేశంలో తీవ్రవాదులను అదుపు చేయడానికే వాడుకోండని అఫ్గాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ అందరి ముందూ అనేశారు. బల్ల ఉన్నా భోజనం కుదరలేదు.

ఇక డబ్బు. 2012లో టోక్యోలో 1,600 కోట్ల డాలర్లు, 2016లో బ్రసెల్స్‌లో 1,500 కోట్ల పైచిలుకు ఇస్తామని దాత దేశాలు అన్నాయి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం కాబూల్ ప్రభుత్వ ఖర్చులో దాదాపు మూడొంతులు, అంటే రూపాయిలో ముప్పావలా, విదేశీ గ్రాంటే. టీచరు జీతం, నర్సు జీతం, పోలీసు జీతం, అన్నీ అందులోంచే. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా తాలిబన్లతో ఒప్పందం రాసుకుంది. ఆ సంతకాల్లో అఫ్గాన్ ప్రభుత్వం లేదు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లో అడుగుపెట్టారు. ఆ నెలలోనే గ్రాంట్లు ఆగాయి, న్యూయార్క్‌లో దాచుకున్న సుమారు 700 కోట్ల డాలర్ల విదేశీ నిల్వలు బిగుసుకుపోయాయి. ఇరవై ఏళ్ల పైరు ఒక్క రాత్రిలో ముంపులో పోయినట్టయింది.

అయితే అదే ఆగస్టులో ఆగనివి కొన్ని ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. కాబూల్‌లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అఫ్గానిస్తాన్ వాడే కరెంటులో ఎక్కువ భాగం ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్‌ల నుంచి కొనేది. పుల్-ఎ-ఖుమ్రీ నుంచి కాబూల్‌కు 202 కిలోమీటర్ల లైను మన పవర్‌గ్రిడ్ వేసిందే. 2009లో దాని మీదుగా ఉజ్బెక్ కరెంటు రాజధానికి చేరింది. ప్రభుత్వం మారింది, బిల్లులు పేరుకుపోయాయి, అయినా అమ్మేవాళ్లు తీగలు తెంచుకోలేదు. కొనేవాళ్లకు వేరే దిక్కు లేదు. పైగా కరెంటుకు మీటరు ఉంటుంది. ఎంత వెళ్లిందో ఇద్దరికీ తెలుసు. బాకీ ఉండొచ్చు గాని బాకీ ఎంతో పేచీ ఉండదు.

నీళ్లకు మీటరు లేదు. అసలు చిక్కంతా అక్కడే.

మాది కాలువ చివరి ఊరు. దాళ్వాలో నీళ్లు వంతుల మీద వదిలే రోజుల్లో మా శివారుకు వంతు వచ్చేసరికి బోదెలో అడుగు నీరు ఉండదు. చిన్నప్పుడు ఒక రాత్రి మా బాబాయి నన్ను సైకిలు మీద ఎక్కించుకుని పై ఊరి తూము దాకా తీసుకెళ్లాడు. తూములు కాపలా కాసే లస్కరు గట్టు మీద బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఏంటి లస్కరుగారూ, మా వంతు నిన్నటి నుంచి కదా?"

"ఆయ్, నిన్న రాత్రి దించేశానండి షట్టరు. తెల్లారేసరికి ఎవరో మళ్లీ లేపేశారు. నేనొక్కణ్ణే, ఎన్ని తూములకని కాపలా కాస్తానండి?"

పై ఊరి వాళ్లను అడిగితే, మేం ముట్టుకోలేదు, అసలు కాలువకే ఈసారి నీళ్లు తక్కువొచ్చాయన్నారు. అది అబద్ధమూ కావచ్చు, నిజమూ కావచ్చు. ఎగువవాడి మాట ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. కొట్టుకునేదాకా వెళ్లాక పెద్దమనుషులు తేల్చింది చిత్రమైన పని: తూము గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీశారు, మా ఊరి కుర్రాడొకడు, వాళ్ల ఊరి కుర్రాడొకడు రాత్రి అక్కడే పడుకోవాలన్నారు. నీళ్లేమీ పెరగలేదు. తిట్టుకోవడం మాత్రం ఆగింది. తక్కువొచ్చిన రోజున తక్కువొచ్చిందని మా కుర్రాడే వచ్చి చెప్పేవాడు.

ఇప్పుడు హెల్మండ్ నదికి రండి. హిందూకుష్ కొండల్లో పుట్టి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారి మీదుగా నడిచి, చివరికి ఇరాన్ సరిహద్దులో సీస్తాన్‌లోని హామూన్ చెరువుల్లో కలుస్తుంది. అంటే ఇరాన్‌లోని ఆ ప్రాంతం హెల్మండ్‌కు శివారు ఆయకట్టు. 1973 మార్చిలో రెండు దేశాల ప్రధానులు సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం మామూలు ఏడాదిలో ఇరాన్‌కు సెకనుకు సగటున 26 ఘనమీటర్లు రావాలి. అందులో 22 హక్కు, 4 స్నేహపూర్వకంగా ఇచ్చేది. మన భాషలో 918 క్యూసెక్కులు, ఏడాదికి 29 టీఎంసీలు. ధవళేశ్వరంలో మన మూడు డెల్టాలకు వదిలే నీటి పక్కన పెడితే అది ఒక బ్రాంచి కాలువ మాట. కానీ ఎడారిలో అదే ప్రాణం.

'మామూలు ఏడాది' అంటే ఏమిటో కూడా ఒప్పందంలోనే రాసుకున్నారు. కజాకీ ఆనకట్టకు ఎగువన దెహ్రావుద్ అనే చోట గేజీ ఉంది. అక్కడ ఏడాదికి సుమారు 566 కోట్ల ఘనమీటర్లు, అంటే 200 టీఎంసీలు, దిగితే అది మామూలు ఏడాది. తగ్గితే ఇరాన్ వాటా కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. చక్కటి పద్ధతి. కరువును ఇద్దరూ పంచుకోవాలన్నమాట. కానీ అంతా దెహ్రావుద్ గేజీ మీదే నిలబడింది, ఆ గేజీ ఉన్నది దశాబ్దాల తరబడి యుద్ధం నడిచిన నేలలో. చదివేవాడు లేని ఏళ్లు ఎన్నో గడిచాయి.

మిగతా కథ మా తూము కథే. వానలు లేవు, నీళ్లెక్కడివని కాబూల్ అంటుంది. దాచిపెట్టి లేవంటున్నారని టెహ్రాన్ అంటుంది. 2021 మార్చిలో నిమ్రోజ్ రాష్ట్రంలో కమాల్ ఖాన్ ఆనకట్టను అఫ్గాన్ ప్రభుత్వం ప్రారంభించాక అనుమానం పెరిగింది. 2023 మేలో ఇరాన్ అధ్యక్షుడు రైసీ బహిరంగంగా హెచ్చరించారు. అదే నెల 27న సరిహద్దులో కాల్పులు జరిగి రెండు వైపులా మనుషులు పోయారు. ఆ తర్వాత, ఆగస్టులో, ఇరాన్ నిపుణులను దెహ్రావుద్ తీసుకెళ్లి చూపించారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాత ప్రభుత్వాలు చేసిన పనులు ఎన్నో చెరిపేసిన తాలిబన్లు కూడా 1973 ఒప్పందానికి కట్టుబడి ఉన్నామనే చెప్పారు. రాజు పోయాడు, కమ్యూనిస్టులు పోయారు, ముజాహిదీన్లు పోయారు, గణతంత్రం పోయింది. 29 టీఎంసీల కాగితం మాత్రం మిగిలింది.

మన దేశం చేసిన పనిని కూడా ఇదే కొలతతో చూడాలనిపిస్తుంది. హెరాత్ రాష్ట్రంలో, చిష్త్-ఎ-షరీఫ్ దగ్గర, హరీరుద్ నది మీద మనం సల్మా ఆనకట్ట కట్టాం. అజ్మీరు దర్గా వల్ల మనకు పరిచయమైన చిష్తీ అన్న పేరు ఆ ఊరిదే. ఎత్తు 104.3 మీటర్లు, పొడవు 540 మీటర్లు, నిల్వ 63.3 కోట్ల ఘనమీటర్లు, అంటే 22 టీఎంసీలకు పైగా. 42 మెగావాట్ల కరెంటు, 75,000 హెక్టార్లకు నీరు. ఎకరాల్లో లక్షా ఎనభై ఐదు వేలు. 2016 జూన్ 4న మోదీ, ఘనీ కలిసి ప్రారంభించారు. యంత్రాలు మన రేవుల నుంచి ఓడలో ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు, అక్కడి నుంచి 1,200 కిలోమీటర్లు రోడ్డు మీద ఇస్లాం ఖలా సరిహద్దుకు, మరో 300 కిలోమీటర్లు ఆనకట్ట దాకా వెళ్లాయి. సిమెంటు, ఇనుము ఇరాన్ నుంచే వచ్చాయి. ఆనకట్ట కింద పండించుకునే రైతుకు అది ఎంత పెద్ద వరమో కాటన్ దొర విగ్రహానికి దండ వేసే మనకు వేరే చెప్పాలా?

కానీ హరీరుద్‌కు దిగువన ఎవరున్నారు? ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్. ఆ రెండూ కలిసి సరిహద్దులో కట్టుకున్న దోస్తీ ఆనకట్ట నుంచి మషాద్ నగరానికి తాగునీరు వెళ్తుంది. ఆ నది మీద అఫ్గానిస్తాన్‌కు దిగువ దేశాలతో హెల్మండ్ లాంటి ఒప్పందం ఏదీ లేదు. మనం ఎగువవాడికి షట్టరు ఇచ్చాం. దిగువవాడిని పిలిచి గోడ మీద గీత గీయించలేదు. ఇది మన ఇంజనీర్ల తప్పని అనను. నీటి పంపకం రెండు దేశాలు తేల్చుకోవాల్సింది, మధ్యలో మనం చెప్పేదేముందని ఢిల్లీ అనుకుని ఉంటుంది. అయినా సరే, ఒక దేశానికి స్నేహంగా ఇచ్చిన కట్టడం దాని పొరుగువాడికి బెంగ అయినప్పుడు అది ప్రాంతీయ సహకారం లెక్కలో సగమే పడుతుంది.

ఇదే గోదావరి మీద చూడండి. 1980 బచావత్ ట్రిబ్యునల్ తీర్పు అని అలవాటుగా అంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం అంతకుముందు రాష్ట్రాలు జంటలు జంటలుగా కూర్చుని రాసుకున్న ఒప్పందాలే. ట్రిబ్యునల్ వాటికి ముద్ర వేసింది. ఎగువన మహారాష్ట్ర కట్టిన బాబ్లీ ఆనకట్ట గొడవలో 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా సూటిగా ఉంటుంది. ఏటా జులై 1న గేట్లు ఎత్తాలి, అక్టోబరు 28 దాకా దించకూడదు, మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలి. ఆ రోజు కేంద్ర జలసంఘం మనిషి, రెండు వైపుల అధికారులు గేట్ల దగ్గర నిలబడతారు. ఎవరికీ పూర్తిగా నచ్చిన తీర్పు కాదది. కానీ తేదీ ఉంది, అంకె ఉంది, చూసేవాడు ఉన్నాడు. అఫ్గానిస్తాన్ నదుల దగ్గర అలా నిలబడే మూడో మనిషి లేడు. ఇరవై ఏళ్లలో అంత డబ్బు పోసిన ప్రపంచానికి ఈ పనికయ్యే ఖర్చు ఒక లెక్కలోది కాదు.

దారుల సంగతికి వస్తే అక్కడ లెక్క ఇంకో రకం. రావులపాలెంలో అరటి గెలలు ఎత్తే లారీ యజమానిని అడగండి, రిటర్న్ లోడ్ లేని కిరాయి ఎంత దండగో చెబుతాడు. అఫ్గాన్, పాకిస్తాన్‌ల మధ్య 2010లో కుదిరిన రవాణా ఒప్పందంలో అఫ్గాన్ లారీలు ఎండు ద్రాక్ష, దానిమ్మలతో వాఘా దాకా రావచ్చని ఉండేది. అక్కడ సరుకు దించి ఖాళీగా వెనక్కి పోవాల్సి వచ్చేది, మన సరుకు ఎక్కించుకోనిచ్చేవాళ్లు కాదు. దీనికి చుట్టుతిరుగుడుగా పుట్టింది ఇరాన్‌లోని చాబహార్ రేవు దారి. అంతకుముందే సరిహద్దు పట్టణం జరంజ్ నుంచి దెలారామ్‌కు మన బోర్డర్ రోడ్స్ సంస్థ 218 కిలోమీటర్ల రోడ్డు వేసి 2009 జనవరిలో అప్పగించింది. ఆ పనిలో మనవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2016 మేలో భారత్, ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల ఒప్పందం, 2017 అక్టోబరులో కాండ్లా నుంచి చాబహార్‌కు తొలి గోధుమ ఓడ. 2025 సెప్టెంబరులో అమెరికా ఇరాన్ మీది తన ఆంక్షల నుంచి ఈ రేవుకు ఇచ్చిన మినహాయింపు ఎత్తేసి, మరుసటి నెలలోనే మళ్లీ ఆరు నెలలకు ఇచ్చింది. ఆరు నెలల గడువు మీద ఏ వ్యాపారి గోదాము కడతాడు?

వాఘా మీదుగా మన సరుకుకు కూడా ఒకసారి దారి తెరుచుకుంది. 2021 చివర్లో అక్కడ ఆకలి ముదిరినప్పుడు 50,000 టన్నుల గోధుమలు పంపుతామని మనం అన్నాం. ఎవరి లారీల మీద పంపాలో తేలడానికి నెలలు పట్టింది. 2022 ఫిబ్రవరి 22న అట్టారీ దగ్గర అఫ్గాన్ లారీలు 50 వచ్చి 2,500 టన్నులు ఎత్తుకెళ్లాయి. పంచింది ప్రపంచ ఆహార కార్యక్రమం. భారత్ గోధుమ, పాకిస్తాన్ రోడ్డు, అఫ్గాన్ లారీ, ఐక్యరాజ్యసమితి తూకం. ప్రాంతీయ సహకారం ఎలా ఉంటుందో చూపడానికి నాకు ఇంతకన్నా మంచి బొమ్మ దొరకలేదు. అది ఎక్కువ కాలం నడవలేదన్నది కూడా ఆ బొమ్మలో భాగమే. తర్వాతి విడత గోధుమలు మళ్లీ చాబహార్ మీదుగానే పోవాల్సి వచ్చింది.

గ్యాస్ గొట్టం తాపీ గురించి రెండు ముక్కలు. తుర్క్‌మెనిస్తాన్ నుంచి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా మన దేశానికి, సుమారు 1,800 కిలోమీటర్లు, 2015 డిసెంబరులో శంకుస్థాపన. దశాబ్దం అయినా గ్యాస్ మన దాకా రాలేదు. గొట్టం ఊరికింద పోతూ ఊరికి ఏమీ ఇవ్వకపోతే ఊరివాళ్లు దాన్ని ఎలా చూస్తారో కోనసీమలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇంతవరకు నేను రాసిందంతా చదివి, అయితే తాలిబన్లతో కూర్చుని నీళ్లు, కరెంటు, రోడ్డు మాట్లాడుకుంటే సరిపోతుందంటావా అని ఎవరైనా అడగొచ్చు. సరిపోదు. 2022 మార్చి 23న ఆరో తరగతి దాటిన ఆడపిల్లలు బడికి వచ్చి, గేటు దగ్గరి నుంచే వెనక్కి పోవాల్సి వచ్చింది. డిసెంబరు 24న స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పని చేయకూడదన్నారు, 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయాలకూ అదే ఉత్తర్వు వచ్చింది. దీన్ని హక్కుల మాటగానే చూస్తాం గాని ఇది లెక్కల మాట కూడా. మన దగ్గర డ్వాక్రా సంఘం లీడరు ఇంట్లోకి వెళ్లి ఎవరి పొయ్యి వెలగలేదో చెప్పగలదు. అక్కడ మగవాడు లేని ఇంటి గడప పరాయి మగవాడు దాటలేడు. వెళ్లగలిగిన ఆడమనిషిని ఇంట్లో కూర్చోబెట్టాక ఆ ఇంటి ఆకలిని ఎవరు చదువుతారు? గోధుమ బస్తా ఉంటుంది, అది ఏ గడపకు వెళ్లాలో చెప్పే అంకె ఉండదు. 2024 జూన్ చివర దోహాలో ఐక్యరాజ్యసమితి జరిపిన మూడో సమావేశానికి తాలిబన్లు వచ్చారు. అసలు సమావేశాల్లో అఫ్గాన్ స్త్రీలు లేరు. సగం గేజీలు తీసేసి మీటింగు పెట్టినట్టుంది.

గుర్తింపు విషయంలో పొరుగువాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకుంటున్నారు. 2025 జులైలో రష్యా తాలిబన్ ప్రభుత్వాన్ని అధికారికంగా గుర్తించింది. అక్టోబరులో విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీ వచ్చినప్పుడు మన దేశం కాబూల్‌లోని సాంకేతిక బృందాన్ని రాయబార కార్యాలయం చేస్తున్నామంది. అదే నెలలో పాకిస్తాన్, అఫ్గాన్ సరిహద్దులో కాల్పులు జరిగితే ఖతార్, టర్కీ మధ్యవర్తులుగా దోహాలో విరమణ కుదిర్చాయి. ఒకప్పుడు ఇలాంటి పని వాషింగ్టన్ చేసేది.

ఇప్పుడు కన్నేసి ఉంచాల్సింది ఉత్తరాన. అమూ దర్యా నది నుంచి తాలిబన్లు 2022లో కోష్ తెపా కాలువ తవ్వడం మొదలెట్టారు. పొడవు 285 కిలోమీటర్లు, వెడల్పు 100 మీటర్లు. దాని కింద 5,50,000 హెక్టార్లు సాగు చేస్తారట. ఎకరాల్లో పదమూడున్నర లక్షలు, మన గోదావరి డెల్టా ఆయకట్టు కన్నా ఎక్కువ. ఏడాదికి 350 టీఎంసీల దాకా తీసుకోవచ్చని అంచనాలున్నాయి. కాలువకు లైనింగు లేదు, ఇసుక నేల, ఎంత ఇంకిపోతుందో మట్టి కాలువల గట్ల మీద పెరిగిన మనం ఊహించగలం. దిగువన ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ పత్తి పొలాలున్నాయి. మధ్య ఆసియా దేశాలు 1992లో ఈ నీటిని పంచుకున్నప్పుడు ఆ బల్ల దగ్గర అఫ్గానిస్తాన్‌కు కుర్చీ వేయలేదు. మీకు వాటా కావాలా అని మమ్మల్ని మీరెప్పుడు అడిగారు, ఇప్పుడు మేమెందుకు అడగాలి అన్నది కాబూల్ మాట. న్యాయంగా చూస్తే ఎగువవాడి మాటలో కొంత పస ఉంది.

కాబూల్‌కు కరెంటు అమ్ముతున్నది ఉజ్బెకిస్తానే. కోష్ తెపా కింద దాని పొలాలు ఎండితే నీళ్ల మాట కరెంటు మాటతో ముడిపడుతుంది. నదిలోంచి కాలువకు నీళ్లు వదిలే హెడ్ రెగ్యులేటరు దగ్గర గేజీ పెట్టాలి, ఉజ్బెక్ మనిషొకడు, అఫ్గాన్ మనిషొకడు దాన్ని కలిసి చదవాలి. కాలువలో పూర్తి నీరు పారే లోపే ఆ పని జరగాలి. తర్వాత అయితే మా బాబాయి సైకిలు మీద వెళ్లినట్టు, చీకట్లో వెళ్లాల్సి వస్తుంది.